రాహుకాలంలో కంట్రోల్ గ్రూపు

ఫ్యానుతో పోట్లాట

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా పోట్లాడింది డిపార్టుమెంటు హెడ్డుతో కాదు, మా ల్యాబు సీలింగ్ ఫ్యానుతో. మూడో నంబరు మీద పెడితే కాగితాలు ఎగిరేవి. రెండు మీద పెడితే కిర్రుమనేది. ఒకటి మీద పెడితే, తిరుపతి మే నెలలో, అది తిరుగుతున్నదో లేదో చూడటానికి తలెత్తాల్సి వచ్చేది. జ్ఞాపకశక్తి ప్రయోగానికి పొద్దున వచ్చినవాళ్లకు ఫ్యాను తిరిగి, మధ్యాహ్నం వచ్చినవాళ్లకు కరెంటు పోతే, ఆ రెండు గుంపుల జ్ఞాపకశక్తినీ పోల్చడానికి వీల్లేదు. అయినా పోలిస్తే మనం కొలిచింది జ్ఞాపకశక్తిని కాదు, కరెంటువాళ్ల దయను.

సైకాలజీ ప్రయోగశాలలో కొత్తగా చేరే పిల్లలు నన్ను అడుగుతుంటారు, "మేడం, అసలు ఈ పనేమిటి?" అని. పని ఇదే. పుస్తకాల్లో 'చరాలు' అని గంభీరంగా రాస్తారు, మేం వేరియబుల్స్ అంటాం. మారగలిగేది ఏదైనా వేరియబులే. వాటిలో ఒక్కదాన్ని మనం కావాలని మార్చాలి, మిగతావన్నీ కదలకుండా పట్టుకోవాలి. అప్పుడు ఫలితం మారితే, కారణం ఆ ఒక్కటేనని చెప్పడానికి మనకు నోరు ఉంటుంది. వినడానికి ఎంత సులువో చూశారా?

ఎలకలతో పనిచేసేవాళ్లంటే నాకు జీవితాంతం అసూయే. ఎలక పొద్దున్నే మిరియాల పొంగలి తిని రాదు. మా విద్యార్థులు తిని వచ్చేవాళ్లు. నెయ్యి తేలే పొంగలి తిన్నవాడి ముందు స్టాప్‌వాచీ పెట్టి "బల్బు వెలగ్గానే మీట నొక్కు నాయనా" అంటే, వాడు నన్ను చూసి ప్రేమగా నవ్వేవాడు. బల్బు వెలిగేది, ఆరేది. వెంకన్న పూజలు చేసే పెరటాసి నెల శనివారాల్లో కథ దీనికి తలకిందులు. సగం మంది ఒక్కపొద్దు ఉంటారు, అంకెలు చదవమంటే ఆవులింతలు వస్తాయి. బయటి ఊరి స్కాలర్లు అది గమనించక ఏవేవో గొప్ప కారణాలు రాసేవాళ్లు. మా ఊరి స్కాలర్లకు ఆ శనివారాలు ల్యాబు తెరవకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లూ ఒక్కపొద్దే.

మా అమ్మ చీర

నాకు ఈ విద్య నేర్పింది మా ప్రొఫెసరు. అందరం పెద్దసారు అనేవాళ్లం. మనిషిగా ఆయన్ని భరించడం కష్టం. చీటికీమాటికీ కసురుకునేవాడు, సెలవు అడిగితే ఆస్తి రాసివ్వమన్నట్టు చూసేవాడు. కానీ ప్రయోగం దగ్గర ఆయనవి మామూలు కళ్లు కావు.

నేను చేరిన కొత్తలో ఒక ప్రయోగం చేస్తున్నాను. బొమ్మలు చూపించి, ఇందాక చూసిన బొమ్మ ఏదో గుర్తుపట్టమనాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లంతా బ్రహ్మాండంగా చెబుతున్నారు. నేను గాల్లో తేలుతున్నాను. పెద్దసారు వచ్చి ఒక మూల నిలబడి కాసేపు చూశాడు.

"అమ్మాయ్, వాళ్లు బొమ్మలు చూడల్యా. నీ మొకం చూసి చెప్తా ఉండారు. సరైన బొమ్మ మీద వేలు పెట్టబోతానే నువ్వు పెళ్లిలో పేరంటాలు మాదిరి నవ్వుతా ఉండావు. రేపట్నుంచి ఆడ తెర కట్టు."

ల్యాబులో తెర లేదు. మరుసటి రోజు మా అమ్మ పాత నూలు చీర తెచ్చి, నాకూ వాళ్లకూ మధ్య కట్టాను. బ్రహ్మాండమంతా ఒక్క పూటలో మామూలైపోయింది. పెద్దసారు తెర వెనక్కి తొంగిచూసి, "ఇంక నవ్వుకో ఎంత కావాల్నో" అని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాతి రోజుల్లో నా విద్యార్థులకు నేనూ అలాగే ఏడుపు తెప్పించాను, కాకపోతే సెలవులు మాత్రం ఇచ్చేదాన్ని.

మొహం దాచుకున్నా మా ప్రాంతపు మర్యాదను దాచలేం. ఒకసారి పెద్దవాళ్ల మీద ఒక ప్రశ్నావళి పట్టుకుని చిత్తూరు వెళ్లాను. ఒక మామిడికాయల వ్యాపారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, కాగితం తీసుకున్నాడు.

"నీకు ఏం రావాల్నో సెప్పుమ్మా, అట్లే రాసిస్తా. ఎండలో ఇంత దూరం వచ్చినావు."

"నాకేం రావాలని లేదండీ. మీకు తోచింది రాయండి చాలు."

"అదెట్లా? ఏమీ రాకపోతే నిన్ను ఊరికే తిప్పినట్లు గాదా? నాకు బాగుండదు గదమ్మా."

ఆయన మంచితనం ముందు ఏ పద్ధతీ పనిచేయలేదు. నా మొహం చూసి, నాకు ఏది నచ్చుతుందో ఊహించి, అన్నిటికీ టిక్కులు కొట్టి ఇచ్చాడు. అబద్ధాలు చెప్పేవాళ్లతో వేగవచ్చు గానీ, మన మీద అభిమానంతో జవాబులు ఇచ్చేవాళ్లతో చాలా కష్టం. ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే పరిశోధన చేసేవాళ్లు కూడా మనుషులే, వాళ్లకూ కొన్ని అభిమానాలు ఉంటాయి. హేమలత దగ్గర జరిగింది అదే.

గంట మోగే పలక

హేమలతది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నా దగ్గర పరిశోధన చేసిన చివరివాళ్లలో ఒకతె. చెల్లెలు శైలజతో కలిసి యూనివర్సిటీకి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. శైలజ టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుకునేది. గదిలో ఏ ప్రశ్న అడిగినా జవాబు నాలుక చివరే ఉండేది. పరీక్ష హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంటే మౌసు మీద చెయ్యి వణికి, సగం ప్రశ్నలు తెరవకుండానే టైమైపోయేది. అప్పటికే ఒక పరీక్ష అలా పోయింది.

"దానికి చదువు రాక గాదు మేడం. భయం. ఆ భయానికేదో ఒకటి కనిపెట్టాల నేను" అంది హేమ, అంశం ఎంచుకునే రోజున.

అలా మొదలైంది. పరీక్షకు ముందు పది నిమిషాలు మెల్లగా ఊపిరి పీల్చి వదిలితే చేతుల వణుకు తగ్గుతుందా? విద్యార్థులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపు ఊపిరి అభ్యాసం చేసి పరీక్షకు కూర్చుంటుంది, రెండోది చేయకుండా కూర్చుంటుంది. ఆ రెండోదే కంట్రోల్ గ్రూపు. పరీక్షంటే చేతి వణుకు కొలవడమే, అందుకు మా ల్యాబులో పాత ఇత్తడి పలక ఒకటి ఉంది. దానికి పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా రంధ్రాలు. అంచుకు తగలకుండా సన్నని పుల్లను ఆ రంధ్రంలో పట్టుకోవాలి. తగిలితే గంట మోగుతుంది.

ఫలితం చూస్తే కళ్లు చెదిరాయి. ఊపిరి గుంపు చేతులు రాతిలా నిలిచాయి. కంట్రోల్ గ్రూపు దగ్గర గంట మోగిన తీరు వింటే, బయట పోయేవాళ్లు హారతి వేళ అనుకుని చెంపలు వేసుకోవాల్సిందే. మా హెడ్డు నాకంటే పదేళ్లు చిన్నవాడు, హడావిడి మనిషి. పని ఇంకా పూర్తి కాకముందే ఒక రెసిడెన్షియల్ కాలేజీవాళ్లకు కబురు చెప్పేశాడు. వాళ్లు హేమను తమ దగ్గర ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. హేమ మాత్రం అన్నిటికంటే ముందు ఇంకో పని చేసింది. రోజూ పొద్దున చెల్లెల్ని కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, పది నిమిషాలు ఊపిరి అభ్యాసం చేయించడం మొదలుపెట్టింది. శైలజ పరీక్ష దగ్గర పడుతోంది.

నాకు మాత్రం మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మనుషుల దగ్గర అంత శుభ్రమైన ఫలితం నేనెప్పుడూ చూడలేదు.

వరండాలో టిఫిన్ బాక్సులు

ఒక బుధవారం మధ్యాహ్నం భోజనానికి లేచి వరండాలోకి వచ్చాను. కంట్రోల్ గ్రూపులో మిగిలిన కొద్దిమంది పిల్లలు బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒళ్లో టిఫిన్ బాక్సులు, మూతలు తీయలేదు. మొహాలు వాడిపోయి ఉన్నాయి. పుత్తూరు పిల్ల ఒకతె నన్ను చూసి లేచింది.

"మేడం, మా గ్రూపోళ్లం ఏం పాపం చేసినాం మేడం? ఎప్పుడు పిలిచినా రాహుకాలంలోనే పిలుస్తారు. మా అవ్వకు తెలిస్తే ల్యాబుకొచ్చి కొట్లాడుతాది."

నేను ఆకలి మర్చిపోయాను. లోపలికి వెళ్లి హేమను అడిగాను.

"కంట్రోల్ గ్రూపును ఎప్పుడు పిలుస్తున్నావమ్మా?"

"రాహుకాలంలో మేడం" అంది, మంచినీళ్లు అడిగితే ఇచ్చినంత మామూలుగా.

"ఎందుకు?"

"మంచిది ఏదీ రాహుకాలంలో మొదలుపెట్టకూడదు గదా మేడం. ఊపిరి గ్రూపుతో మనం ఒకటి మొదలుపెడతా ఉండాం. అందుకని వాళ్లను మంచి టైములో పిలిచినాను. కంట్రోల్ గ్రూపుతో మనం ఏమీ మొదలుపెట్టేది లేదు గదా? వాళ్లకు రాహుకాలమైతే ఏమి? ల్యాబు ఖాళీగా ఉండేది గూడా అప్పుడే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ తర్కంలో వేలెత్తి చూపడానికి సందు లేదు. మా వైపు ఏ ఇంట్లో అడిగినా సరేనంటారు. మా ఆయన ఇంజనీరు, వంతెనలు కట్టాడు, రాహుకాలంలో కొత్త చెప్పులు వేసుకోడు. నేను ఇవేవీ నమ్మనని క్లాసులో ఘనంగా చెబుతాను, కానీ ఆ వేళలో కొత్త గ్యాసు బండ తగిలించమంటే తర్వాత చూద్దాంలే అంటాను. హేమను కోప్పడటానికి నాకు మొహం చెల్లలేదు.

గోడ మీద క్యాలెండరు చూపించి కూర్చోబెట్టాను. సోమవారం రాహుకాలం ఏడున్నరకు. పిల్లలు ఇంకా ఇడ్లీ కూడా తిని ఉండరు. మంగళవారం మూడింటికి, ఎండ గదిలోకి కొట్టే వేళ. బుధవారం పన్నెండుకు, కడుపులో ఎలకలు. గురువారం ఒకటిన్నరకు, అన్నం తిన్న మత్తు. శుక్రవారం పదిన్నర ఒక్కటే కాస్త బుద్ధి పనిచేసే వేళ. అప్పుడు మాత్రం 'ఈ వేళలో ఎందుకు పిలిచారో' అన్న భయం ఉంటుంది. ఊపిరి గుంపుకు వారమంతా చల్లని పొద్దుటి పూట, నిండిన కడుపు, నిమ్మళమైన మనసు.

"ఇప్పుడు చెప్పు. చేతులు నిలబెట్టింది ఊపిరా, ఇడ్లీనా?"

హేమ క్యాలెండరులో ఆ రోజులన్నీ వేలితో ఒకసారి చూసుకుంది. బయటికి వెళ్లి, "మీరు పోయి అన్నం తినండి" అని పిల్లల్ని పంపించేసింది.

నచ్చని చీటీ

హెడ్డుకు చెబితే తల పట్టుకున్నాడు. "ఫలితం బాగుండాది గదా మేడం, ఎందుకు కెలుకుతారు? రాహుకాలం సంగతి థీసిస్‌లో ఎవరు అడుగుతారు?" నిజమే, ఎవరూ అడగరు. అందుకే మనమే అడగాలి. పైవాళ్లు మెచ్చుకునే తప్పును దిద్దుకోవడం ఎంత కష్టమో, మీరు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే తెలుసుకుంటారు.

హేమకు కాలేజీ ఉద్యోగం పోతుందన్న బెంగ ఉంది, లేదనను. కానీ నా దగ్గర ఆమె మాట్లాడింది దాని గురించి కాదు.

"మళ్లీ చేస్తే ఫలితం రాకపోతే ఎట్ల మేడం? శైలజ నమ్మింది. ఊపిరిని గాదు, నన్ను నమ్మింది. అక్క పరిశోధన చేసి కనిపెట్టిందని దాని ఫ్రెండ్స్‌కంతా చెప్పుకుంటా ఉండాది."

రెండు రోజులు ఆమె ల్యాబుకు రాలేదు. మూడో రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"చేస్తాను మేడం. ఇది అబద్ధమై, హాల్లో దాని చెయ్యి మళ్లీ వణికితే, ఇంక అది నన్ను ఎందుకు నమ్మాల? నేనే ముందు తెలుసుకోవాల."

ఆ పిల్ల అంటే నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఈసారి ఎవరు ఏ గుంపో, ఏ వేళకు రావాలో అన్నీ చీటీలు వేసి తేల్చాం. ఇంకొక మార్పు కూడా చేయించాను. మొదటిసారి కంట్రోల్ గ్రూపు వరండాలోంచి నేరుగా వచ్చి పుల్ల పట్టుకున్నారు. ఈసారి వాళ్లు కూడా అదే గదిలో, హేమ ఎదుటే, పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఊపిరి అభ్యాసం ఒక్కటే తేడా.

మొదటి చీటీ హేమ తీసింది. ఊపిరి గుంపు, శుక్రవారం, పదకొండు గంటలు, సరిగ్గా రాహుకాలం నడుమ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ఇంకొక తూరి తీద్దామా?"

"నచ్చలేదని మళ్లీ తీస్తే అది చీటీ ఎట్లా అవుతుందమ్మా? అది నీ ఇష్టం అవుతుంది."

శుక్రవారం పదకొండుకు ఆమె సూచనల కార్డు పట్టుకుంటే కార్డు ఊగుతోంది. ఆ క్షణాన ఇత్తడి పలక ఆమె ముందే పెడితే గంట ఆగేది కాదు. చదివే గొంతు వణికితే అదీ ఒక వేరియబులే కాబట్టి, మంచినీళ్లు తాగించి, భుజం తట్టి మొదలుపెట్టించాను. ఏ ఉపద్రవమూ రాలేదు. కరెంటు కూడా పోలేదు.

కంట్రోల్ గ్రూపుతోనే అసలు తంటా వచ్చింది. ఊరికే కూర్చోవడం ఈ కాలం పిల్లలకు చేతకాదు. "ఊరికే అంటే ఎట్ల మేడం? ఫోను చూసుకోవచ్చా? కండ్లు మూసుకోవాల్నా?" అని ప్రాణం తీశారు. మొదటి నాలుగైదు నిమిషాలు కాళ్లు ఊపుతారు. తర్వాత ఎందుకో సద్దుమణుగుతారు.

లెక్క తేలింది. రెండు గుంపులకూ తేడా లేదు. ఊపిరి గుంపు చేతులు ఎంత నిలిచాయో, ఊరికే కూర్చున్నవాళ్ల చేతులూ అంతే నిలిచాయి.

"పోయింది మేడం" అంది హేమ.

కాలేజీవాళ్లు ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. 'తేడా కనబడలేదు' అని రాసే థీసిస్‌ను హెడ్డు చాలాకాలం ఏదో చెడువార్తలా చూశాడు. అయినా డిగ్రీ వచ్చింది. తేడా లేదని తెలుసుకోవడం కూడా తెలుసుకోవడమే. ఈ ముక్క మీ గైడు చెప్పకపోతే నా పేరు చెప్పండి.

చెల్లెలి జవాబు

లెక్క తేలేనాటికి శైలజ పరీక్ష ఇంకా రాలేదు. హేమ నన్ను అడిగింది, "దానికి చెప్పమంటారా మేడం, వద్దా?"

జీవితమంతా 'నిజం, నిజం' అని పిల్లల్ని వేధించినదాన్ని, ఆ రోజు మాత్రం చెప్పొద్దన్నాను. నమ్మకంతో నాలుగు ప్రశ్నలు ఎక్కువ రాస్తే రాయనీ, పరీక్ష అయ్యాక చెప్పవచ్చులే అన్నాను. హేమ తల ఊపి వెళ్లింది. మరుసటి రోజు వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చెప్పేసినాను మేడం. పొద్దున అది ఊపిరి పీలుస్తా ఉంటే పక్కన కూర్చోని చూడలేకపోయినాను. ఇది పనిచేయదంట, నేను తప్పు చెప్పినానని చెప్పినాను."

"ఏమంది?"

"నవ్వింది మేడం. 'ఊపిరి సంగతి నాకేం తెలుసక్కా? దినమంతా చదివినావా, ఎన్ని బిట్లు చేసినావు, ఎన్ని తప్పు పోయినాయి అని నన్ను పీక్కతింటావు. ఆ పది నిమిషాలే నువ్వు ఏమీ అడక్కుండా నా పక్కన కూసోనుండేది. అందుకే చేస్తా ఉండా' అనింది."

హేమ నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, పరిశోధన చేసే పిల్ల కదా, అడిగింది.

"దీనికి కంట్రోల్ గ్రూపును యాడ తెచ్చేది మేడం?"

ఆ ప్రశ్నను నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

శైలజ ఆ పరీక్షలో చివరి ప్రశ్న దాకా రాసింది. ఉద్యోగం వచ్చింది, పుంగనూరు వైపు ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఎందువల్ల వచ్చిందని మాత్రం నన్ను అడగకండి. రాసింది ఒక్క మనిషి, ఒక్క పరీక్ష. పోల్చి చూడటానికి ఇంకో శైలజ లేదు. నాకు తెలిసిందల్లా ఇంతే: పరీక్ష రోజు పొద్దున కూడా హేమ పది నిమిషాలు చెల్లెలి పక్కన కూర్చుంది. హాల్ టికెట్ పెట్టుకున్నావా అని కూడా అడగలేదట.